నర్సవ్వ తీసుకున్న డ్రా

రుద్రూర్‌లో బస్సు ఆగినప్పుడు ఒకామె తడిసిన గోనెసంచి మూట చంకన పెట్టుకుని ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆమె సర్దుకుని కూర్చునేలోపే వాసన నన్ను చేరింది. నానబెట్టిన బీడీ ఆకు పచ్చి వాసన, దాని వెనకే తంబాకు ఘాటు. ముక్కు మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె నొచ్చుకుంది. "ఆకు వాసన పడదా సారూ? కిటికీ తీస్త ఆగు" అంది. "పడకేందక్కా, గీ వాసనలనే పెరిగిన" అన్నాను. నిజమే చెప్పాను గానీ సగమే చెప్పాను. నా ఒళ్ళో ఒక పుస్తకం ఉంది. బోధన్‌లో బస్సెక్కినప్పటి నుంచి దాన్ని నాలుగుసార్లు మూసి ఐదుసార్లు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. కళ్ళలో నీళ్ళకు తంబాకు సాకు దొరికిందంతే.

అది మా బాన్సువాడ యువజన సంఘం వాళ్ళు అచ్చువేసిన ప్రత్యేక సంచిక. అందులో ఒక పేజీ నిండా నా ఫోటో. పన్నెండేళ్ళ కిందటి నేను, మెడలో దండ, భుజాల మీద శాలువా, ముఖాన ఒక వెర్రినవ్వు. కింద ఇలా రాశారు: "చదరంగం పోటీలో ఒక వృద్ధ బీడీ కార్మికురాలికి పెద్ద మనసుతో డ్రా ప్రసాదించిన మన శ్రీనివాస్ సార్." ప్రసాదించానట! ప్రసాదం పంచడానికి నేనేమైనా గుళ్ళో పూజారినా? ఒక వృద్ధ బీడీ కార్మికురాలట! ఆమెకు పేరు లేదా? శాలువా ఏ రంగో కూడా తెలిసేలా ఫోటో వేసినవాళ్ళకు, ఆ ఆటలో సగం ఆడిన మనిషి పేరు రాయడానికి జాగా దొరకలేదు. ఆమె పేరు నర్సవ్వ. నాకు చదరంగం నేర్పింది ఆమె. ఆ డ్రా నేను ఇవ్వలేదు. నా చేతిలోంచి ఆమె తీసుకుంది. ఈ రెండు మాటలు చెప్పడానికి నాకు పన్నెండేళ్ళు పట్టలేదు, చాలాసార్లే చెప్పాను. వినే చెవి దొరక్కే ఇప్పుడు రాస్తున్నాను.

నర్సవ్వది మా గల్లీలో చివరి ఇల్లు. అరుగు మీద పెద్ద షాబాద్ బండ ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి మా అమ్మతో పాటు నలుగురైదుగురు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని అక్కడ బీడీలు చుట్టేవాళ్ళు. ఆ బండ మీద ఉలితో చెక్కిన అరవై నాలుగు గడులుండేవి. నర్సవ్వ తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో కావలి కాసేవాడట. చెరుకు కొట్టడానికి వచ్చిన మరాఠీ కూలీల దగ్గర ఆయన ఆట నేర్చుకుని, కూతురికి నేర్పి, ఆడుకోవడానికి ఆ బండ చెక్కి ఇచ్చిపోయాడు. నలుపూ తెలుపూ లేని పలక అది. అన్ని గడులూ రాయి రంగే. అందుకే ఐమూలగా నడిచే ఒంటె ఏ గడికి పోగలదో, ఏ గడికి జన్మలో పోలేదో కంటితో పట్టడానికి లేదు, బుర్రలో పెట్టుకోవలసిందే. చేతులు ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ ఉంటే ఆమె కళ్ళు బండ మీద ఉండేవి. ఎత్తు వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక చెయ్యి చాట దాటి వచ్చి, ముక్కను జరిపి, మళ్ళీ ఆకు మీదకు పోయేది.

నాకు పదేళ్ళప్పుడు వరుసగా ఓడిపోయి, ఒకరోజు పావులన్నీ తోసేసి ఏడ్చాను. మా అమ్మ మనసు ఆగలేదు. "ఒక్క ఆట ఇయ్యరాదే నర్సక్కా, పోరడు కుములుతుండు" అంది. నర్సవ్వ బీడీ మూతి మడుస్తూ తలెత్తకుండానే జవాబు చెప్పింది. "ఇస్త. ఇయ్యాల నేనిస్త. రేపు ఇంకొకలు ఇస్తరు. మరి ఆడు తీసుకునుడు ఎప్పుడు నేర్సుకుంటడు?" మా అమ్మకు ఆ మాట నచ్చలేదు. నాకు అసలు అర్థం కాలేదు. ఏడుపు ఆపి పావులు ఏరి మళ్ళీ పేర్చానంతే.

ఆ బండ మీద కొన్ని పద్ధతులుండేవి. వాటిలో రెండు ఈ కథకు కావాలి. మొదటిది, ఎదుటివాడి బలగమంతా పోయి ఒంటి రాజు మిగిలితే ఆ రాజును కట్టెయ్యకూడదు. అక్కడితో ఆట బరాబర్, అంటే డ్రా. అందుకే బలంగా ఉన్నవాడు ఎదుటివాడి చివరి ముక్కను కొట్టకుండా జాగ్రత్తపడేవాడు. బలం లేనివాడు తన చివరి ముక్కను కొట్టించుకోవడానికి నానా తంటాలు పడేవాడు. రెండోది, ఆట ఏ రకంగా బరాబర్ అయినా, లేచేముందు ఒకరి రాజును ఒకరు ఎత్తి ఎదుటివాళ్ళ అరచేతిలో పెట్టాలి. పెడుతూ, "నీ రాజు నీకు. కొట్టలేకపోయిన" అనాలి. ఇద్దరూ అనాలి. అది అయ్యేదాకా ఎవరూ అరుగు దిగడానికి లేదు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి నేను ఆమెతో ఆట బరాబర్ చేసినప్పుడు, తంబాకు అంటిన ఆ వేళ్ళతో నా చెక్క రాజును నా చేతిలో పెట్టి ఆ మాట అంది. అంత పెద్దామె నాతో "కొట్టలేకపోయిన" అని ఒప్పుకోవడం! ఆ రోజు ఇంటికి పోయి అన్నం కూడా సరిగ్గా తినలేదు నేను. తర్వాత చాలా కప్పులు గెలిచాను. ఏదీ ఆ చెక్క రాజంత బరువు తూగలేదు.

పదహారేళ్ళు దాటాక ఆమె నన్ను ఓడించలేకపోయింది. చదువుకు హైదరాబాద్ పోయాను, పుస్తకాలు పెట్టి ఆట నేర్చుకున్నాను, యూనివర్సిటీ జట్టుకు ఆడాను. తిరిగొచ్చి బాన్సువాడలోనే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేరాను. సాయంత్రాలు మళ్ళీ ఆ అరుగు మీదకే పోయేవాణ్ణి. పోటీల రూల్స్ ఆమెకు నేనే చెప్పాను. "బంటు మొదట్ల రెండు గడులు దుంకొచ్చవ్వా" అంటే, "గట్లెందుకు దుంకుతది? దాన్ని ఎవలన్న తరుముతున్నరా?" అని అడిగింది. ఒంటి రాజును కూడా కట్టెయ్యవచ్చని చెప్తే బీడీ దారం గట్టిగా లాగి ముడేసింది. "చదువుకున్నోళ్ళ ఆట గదా" అని మాత్రం అంది. ఆ రూల్స్‌తో వారానికి మూడు నాలుగు ఆటలు ఆడేవాళ్ళం. అన్నీ నేనే గెలిచేవాణ్ణి. ఇందులో దాచేదేం లేదు, ఆమెకంటే నేను చాలా బలమైన ఆటగాణ్ణి. అది ఒప్పుకుంటేనే ఆ డ్రా విలువ తెలుస్తుంది.

యువజన సంఘం వాళ్ళు ఫంక్షన్ హాలులో చదరంగం పోటీ పెట్టిన ఏడు, పోస్టర్ మీద 'ఎవరైనా ఆడవచ్చు' అని రాశారు. నేను అది చదివి వినిపిస్తే నర్సవ్వ కత్తెర కింద పెట్టింది. "ఎవలైన అంటే నేను కూడ వస్త గదరా శీనయ్యా? నా పేరు రాయి." రాశాను. ఆదివారం పొద్దున కొత్త చీర కట్టుకుని వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. హాల్లో అందరూ కాలేజీ పిల్లలు, టీచర్లు, ఇద్దరు బ్యాంకువాళ్ళు. కొందరు ఆమెను చూసి, మనవణ్ణి తీసుకొచ్చిందనుకున్నారు. గడియారం నొక్కడం మర్చిపోయి రెండు ఆటలు పోగొట్టుకుంది, రెండు గెలిచింది. చివరి రౌండుకు చీటీలు తీస్తే ఆమె పేరుకు ఎదురుగా నా పేరు వచ్చింది. నేను అప్పటికి అన్నీ గెలిచి ఉన్నాను. ఆ ఆటలో అర పాయింటు వచ్చినా కప్పు నాదే. కానీ డ్రా కోసం ఆడాలన్న ఊహ కూడా నాకు లేదు, దేవుడి మీద ఒట్టు. ఐదుకు ఐదు కొట్టాలని కూర్చున్నాను.

ఆట సాగిన కొద్దీ ఎప్పటిలాగే ఆమె ముక్కలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి నాకు ఒక ఒంటె, పక్కపక్కన రెండు బంట్లు మిగిలాయి. ఆమెకు ఒక గుర్రం మాత్రమే. అప్పటికి మిగతా ఆటలు అయిపోయి అందరూ మా బల్ల చుట్టూ చేరారు. నర్సవ్వ చాలాసేపు ఆలోచించి, ఆ గుర్రంతో నా రెండు బంట్లలో అంచున లేని, లోపలి బంటును కొట్టింది. నా రాజు పక్కనే. నేను ఆ గుర్రాన్ని ఊరికే తీసేసుకోవచ్చు. చుట్టూ "అయ్యో అవ్వా!" అన్నారు, ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు జాలేసింది. అవ్వ బండ మీది పద్ధతి అనుకుంటోంది, ఒంటి రాజు మిగిలితే ఆట బరాబర్ అయిపోతుందని చివరి ముక్కను కొట్టించుకుంటోంది అనుకున్నాను. ఇది అరుగు కాదవ్వా అని మనసులోనే అనుకుని గుర్రాన్ని తీసేశాను. నాకు ఇంకా ఒంటె, అంచు వరసలో ఒక బంటు ఉన్నాయి. బంటు చివరి గడికి చేరితే మంత్రి అవుతుంది, ఆట ముగుస్తుంది.

ఆమె రాజు నడవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గడి, తొందర లేకుండా, నా బంటు చేరాల్సిన ఆ మూల గడి వైపు. నాలుగు ఎత్తులు పోయాక నాకు వెలిగింది. ఆ మూల గడి నల్లది. నా ఒంటె తెల్ల గడుల్లో మాత్రమే తిరిగేది. ఆ మూలలో చేరిన రాజును నా ఒంటె ఎన్నటికీ లేపలేదు. ఏ పుస్తకంలోనైనా ఉండే సంగతే ఇది, నా విద్యార్థులకు నేనే చెప్పిన పాఠం. గుర్రాన్ని తీసుకోకపోయినా గెలుపు లేదు, ఆ బంటు మీదకు గుర్రాన్ని రానిచ్చినప్పుడే నా తప్పు జరిగిపోయింది. పలక మీద రంగులు కనబడుతున్నాయి కదా అని నేను ఆలోచించడం మానేశాను. రంగుల్లేని బండ మీద ఆడిన మనిషి నా ఒంటె దారులన్నీ బుర్రలో గీసుకుని కూర్చుంది. ఆమె పాత పద్ధతి అనుకోలేదు. అనుకుందని అనుకున్నది నేను.

అయినా వదల్లేదు. నలభై ఎత్తులు వేశాను. ముందుకు తోశాను, వెనక్కి లాగాను, ఒంటెను ఈ అంచు నుంచి ఆ అంచుకు తిప్పాను, ఆమె గడియారం చూసుకుని కంగారుపడుతుందేమోనని కూడా ఆశపడ్డాను. మూలలోంచి పక్క గడికి, పక్క గడిలోంచి మూలకు. అంతకుమించి ఆమె ఏమీ చేయలేదు. ఆఖరికి ఆ రాజుకు షే లేదు, అంటే దాని మీద దాడి లేదు, కదలడానికి గడీ లేదు. డ్రా. నర్సవ్వ ఊపిరి వదిలి, నా తెల్ల రాజును ఎత్తి అరచేతిలో పెట్టుకుని నా వైపు చెయ్యి చాపింది. "ఇందరా శీనయ్యా" అని మొదలుపెట్టింది.

ఆమె చెయ్యి చాపడం చూసి డ్రా అడుగుతోందనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. అడగడానికి కాదు, ఇవ్వడానికి. నేను చూశాను. చూడనట్టు నటించాను. చుట్టూ మా కాలేజీ వాళ్ళున్నారు, నా విద్యార్థులున్నారు. ఈ అరుగు మీది తంతు ఇప్పుడా అని సిగ్గేసింది. అంతలో సంఘం అధ్యక్షుడు నా భుజం మీద చెయ్యేసి స్టేజీ మీదకు నడిపించుకుపోయాడు. ఆయనను ఊళ్ళో అందరూ సేటు అంటారు. రైసు మిల్లు ఆయనదే, మా కాలేజీ కమిటీకి పెద్ద కూడా ఆయనే. పేరు రాయను. రాస్తే ఇంకో శాలువా కప్పుతాడు. మైకు తీసుకుని ఇలా అన్నాడు: "అందరు సూసిన్రు గదా! అవ్వకు పాత రూలు తప్ప తెల్వదు. ఒంటి రాజు మిగిలితే డ్రా అనుకున్నది. మన సారు గెలిచే ఆట పోనీ అని, పెద్దామె మాట కాదనకుండ డ్రా ఇచ్చిండు. గిదీ సంస్కారమంటే!" హాలు చప్పట్లతో మోగింది. శాలువా పడింది. ఫోటో తీశారు. ఆ వెర్రినవ్వు అప్పటిదే.

మైకు నా చేతికి రాలేదని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. రాకపోతే నోరు లేదా? ఉంది. నా కాంట్రాక్టు ఏటేటా కొత్తగా రాసేది ఆ సేటు కమిటీనే, అదీ సంగతి. ఇంతలో కింద ఏదో గోల. చదరంగం సెట్లు సర్దుతున్న కార్యకర్త ఒకడు అరిచాడు. "ఒక తెల్ల రాజు తక్కువున్నది! గా అవ్వ చేతుల సూసిన!" నర్సవ్వ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, నేను ఎప్పుడు దిగుతానా అని. వాడు ఆమె దగ్గరకు పోయి, "కొంగు ఇప్పవ్వా" అన్నాడు.

"కొంగెందుకు ఇప్పాలె? రాజు గావాల్నా? గిదిగో" అని ఆమె పిడికిలి తెరిచింది. "గిది శీనయ్యది. ఆయన చేతికియ్యాలె."

"సంఘం సామాను గిది, నీ ఇంట్లది కాదు" అని వాడు లాక్కున్నాడు. అంతటితో ఆగలేదు. ఇంకేం ముక్కలున్నాయోనని కొంగు ముడి కూడా విప్పించాడు. రెండు వక్కలు, బీడీ దారం ఉండ కింద పడ్డాయి. జనం నవ్వారు. స్టేజీ మీంచి సేటు మైకులో, "పోనియ్యిండ్రి, ఏమనకుండ్రి, పాపం ముసల్ది" అని ఆమెను క్షమించాడు. చెయ్యని దొంగతనానికి క్షమాభిక్ష! ఎంత దయ! ఆమె వంగి దారం ఉండ ఏరుకుంటూ తలెత్తి నా వైపు చూసింది. శాలువా కప్పుకుని నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ రాజును ఆమె ఎందుకు పట్టుకుందో ఆ హాల్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ సాయంత్రమే శాలువా తీసుకుని ఆమె ఇంటికి పోయాను. కొత్త చీర మార్చుకుని, అరుగు మీద ఆకు కత్తిరిస్తోంది.

"అవ్వా, నేనిచ్చిన అని నేను చెప్పలే. సేటే చెప్పిండు" అన్నాను.

"ఇయ్యలే అని కూడ చెప్పలే" అంది.

శాలువా ఆమె ముందు పెట్టాను. "గిది నీకే తెచ్చిన." ఆమె దాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు. "మల్ల ఇచ్చుడేనా?" అంది. నేను బండ మీద పాత చెక్క ముక్కలు పేర్చాను. నా రాజు, ఒంటె, బంటు, మూలలో ఆమె రాజు. "నా రాజు నాకియ్యవ్వా. ఆడ తీసుకోలే, తప్పయింది" అని చెయ్యి చాపాను. ఆమె ఆ నాలుగు ముక్కల వైపు చూసింది, నా చెయ్యి వైపు చూసింది. కోపం లేదు, గొంతు పెంచలేదు. "గీడ కాదు. ఏడ నా కొంగిప్పిన్రో ఆడ ఇస్త. గాళ్ళు సూడాలె" అంది. తర్వాత రోజూ ఎప్పటిలాగే ఆడాం, ఎప్పటిలాగే నేను గెలిచాను. ఆ మాట మాత్రం ఆమె మళ్ళీ ఎత్తలేదు, నేను మర్చిపోలేదు.

వారం తర్వాత సేటు కాలేజీకి వచ్చినప్పుడు ధైర్యం చేసి ప్రిన్సిపాల్ గదిలోనే చెప్పాను. "సేటూ, నేను డ్రా ఇయ్యలే. గెలుద్దామని నలభై ఎత్తులు కొట్టుకున్న. ఆమె గెలువనియ్యలే. రాజును కూడ దొంగతనం చెయ్యలే, నాకియ్యనీకి పట్టుకున్నది." సేటు ముఖం వెలిగిపోయింది. ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "సూసిన్రా! ఎంత అణకువనో! ఆమె మీదికి దొంగ పేరు రాకుండ కాపాడుతుండు" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. ఎంత గట్టిగా కాదంటే అంత గొప్పవాణ్ణయ్యాను. వినయం మీద పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని కాలేజీ వార్షికోత్సవంలో నన్నే నిలబెట్టారు. ఆమె అబద్ధం చెబుతోందని ఎవరూ అనలేదు, నేను నిజం చెబుతున్నానని ఎవరూ నమ్మలేదు. బీడీలు చుట్టే ముసలామె చదువుకున్న సారును ఆపగలదన్న ఒక్క మాట తప్ప, ప్రపంచంలో ఏ మాటైనా నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు వాళ్ళు.

మరుసటి ఏడు అదే హాలు, అదే పోటీ. కిందటేటి విజేతనని మాట్లాడమన్నారు. నేను ముందే పోయి నర్సవ్వను బతిమాలి తీసుకొచ్చి వెనక కుర్చీలో కూర్చోబెట్టాను. ఈసారి మైకు నా చేతిలో ఉంది. కాంట్రాక్టు పోతే పోనీ అనుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. గుర్రం ఎందుకిచ్చిందో, నేను ఎక్కడ తప్పుచేశానో, రాజును ఎందుకు పట్టుకుందో, నేను ఎందుకు నోరు మూసుకున్నానో. చెప్పి ఆపగానే చప్పట్లు. వినయానికి చప్పట్లు! మైకు నేలకేసి కొట్టాలనిపించింది.

అప్పుడు వెనకనుంచి నర్సవ్వ లేచింది. "జెర ఆపుండ్రి మీ చప్పట్లు" అంటూ నడిచి వచ్చి, ఒక బల్ల ముందు కూర్చుని, నాలుగు ముక్కలు ఉంచి మిగతావన్నీ పక్కకు తోసింది. అదే ఆట, అదే ఘట్టం, గుర్రం పోయాక. "తెల్లది నీది సేటూ. సారు ఇచ్చిండంటివి గదా. నువ్వియ్యకు. గెలువు."

సేటు నవ్వాడు. "నాకేడొస్తదవ్వా, మా పిల్లగాళ్ళు ఆడుతరు" అని పెద్ద కొడప్‌గల్ నుంచి వచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు. ఆ ఏడు బాగా ఆడుతున్నది అతనే. అతను నవ్వుతూ కూర్చున్నాడు. పదిహేను ఎత్తులకు నవ్వు ఆగింది. రాజుకు గడి లేదు, షే లేదు. మళ్ళీ పేర్చాడు. మళ్ళీ అంతే. మూడోసారి పేరుస్తుండగా, "బగారన్నం, కోడికూర తయారున్నయ్! భోజనాలకు రాండ్రి!" అని మైకులో పిలుపు వచ్చింది. కుర్చీలు కిర్రుకిర్రుమన్నాయి. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. వడ్డన చూసుకోవాలని సేటు అందరికంటే ముందు లేచాడు. ఊరి నమ్మకాన్ని తలకిందులు చేసే నిజం బల్ల మీద కూర్చుని ఉంటే, ఊరు కోడికూర వరసలో నిలబడింది!

మేమిద్దరం కాక మిగిలింది ముగ్గురు. కొడప్‌గల్ కుర్రాడు, హాలు ఊడ్చే మనిషి, కిందటేడు కొంగు విప్పించిన ఆ కార్యకర్త. వాడెందుకు ఆగాడో తెలియదు. కుర్రాడు మూడోసారి కూడా ఆడి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "గెలుపు లేదు సార్. ఇందుల గెలుపే లేదు" అన్నాడు. నర్సవ్వ అతన్ని లేపి నన్ను కూర్చోమంది. తెల్ల రాజును ఎత్తి, చెయ్యి చాపి నా అరచేతిలో పెట్టింది. "నీ రాజు నీకు. కొట్టలేకపోయిన." నేను మూలలోంచి నల్ల రాజును ఎత్తి ఆమెకు ఇచ్చాను. "నీ రాజు నీకవ్వా. కొట్టలేకపోయిన." ఆ కార్యకర్త దగ్గరకు వచ్చి, "తప్పయిందవ్వా" అన్నాడు నేల చూస్తూ. ఆమె వాడి చేతిలో ఆ నల్ల రాజు పెట్టి, "డబ్బల ఎయ్యి బిడ్డా, మల్ల తక్కువ వస్తయ్" అంది. నేను మాత్రం మండిపడుతూనే ఉన్నాను. "ఒక్కడు ఆగలేదవ్వా! ఒక్కడు!" అన్నాను. "ముగ్గురు ఆగిన్రు గదరా. నీకు లెక్కలు కూడ మల్ల చెప్పాల్నా?" అని కొంగు దులుపుకుని లేచింది.

నర్సవ్వ పోయి ఏడాదవుతోంది. ఆమె ముగ్గురు చాలు అంది. నాకు చాలలేదు. ఆమెలా సర్దుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. ఆ ముగ్గురికి తెలిసింది ముగ్గురితోనే ఉండిపోయింది. వరసలో నిలబడ్డవాళ్ళు చెప్పుకున్నది ఇదిగో, పన్నెండేళ్ళ తర్వాత మెరిసే కాగితం మీద అచ్చయి వచ్చింది. ఇదేదో ఒక ముసలామె అర పాయింటు గొడవ అని సర్దుకుందామనుకున్నాను బస్సు దిగుతూ. మర్నాడు కాలేజీలో జరిగిన దానితో అదీ కుదరదని తేలిపోయింది.

మర్నాడు ఆటల పీరియడులో ఇంటర్ మొదటి ఏడు చదివే అనిత నాతో ఆడింది. బీడీలు చుట్టే ఇంటి పిల్లే. ఆట మొదలుపెట్టి నాలుగు నెలలు. రెండు ముక్కలు తక్కువై ఓడిపోయే ఆటలో, మంత్రితో నా రాజుకు ఆగకుండా షే మీద షే చెప్పి, నన్ను ఎటూ కదలనివ్వకుండా డ్రా చేసింది. అంత చక్కని పట్టు నేను చూసి చాలాకాలమైంది. చుట్టూ పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆ అమ్మాయి మాత్రం మొహమాటంగా నవ్వి, "థాంక్యూ సార్. సంఘమోళ్ళ పుస్తకంల చదివిన, మీరు గట్లనే డ్రా ఇస్తరట గదా" అంది.

ఆ పిల్ల చేతిలోంచి ఆ పుస్తకం ఏం లాక్కుందో అప్పుడు చూశాను. తాను గెలుచుకున్నది తనదని కూడా నమ్మకుండా చేసింది.

"నేనియ్యలే" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పిల్ల బెదిరింది. "నేను గెలుద్దామనే ఆడిన. నువ్వు గెలువనియ్యలే. చెయ్యి చాపు."

భయం భయంగా అరచెయ్యి చాపింది. నేను ఆమె నల్ల రాజును ఎత్తి, ఆ చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, గదిలో చివరి బెంచీకి కూడా వినపడేట్టు చెప్పాను.

"నీ రాజు నీకు. కొట్టలేకపోయిన."